క్యాన్సర్: దాచుకునే జబ్బు కాదు

మా దవాఖానాకు వచ్చేవారిలో చాలామంది అసలు మాట మొదట చెప్పరు. "హకీం సాబ్, కొంచెం నీరసంగా ఉంది" అంటారు. "ఆకలి లేదు, నిద్ర లేదు" అంటారు. నాడి చూసి, మందు రాసి, చీటీ చేతికిచ్చాక లేస్తారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగుతారు. వెనక్కి తిరిగి మెల్లగా, "ఇక్కడ చిన్న గడ్డలాంటిది ఉంది, నొప్పి ఏమీ లేదు. వేడి వల్లే కదా?" అని అడుగుతారు.

గుమ్మం దగ్గర చెప్పే ఆ మాటే వారు వచ్చిన అసలు పని. ఈ సంగతి నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసేలోగా ఒక తప్పు కూడా చేశాను. ఈ వారం క్యాన్సర్ గురించి రాస్తున్నాను కాబట్టి ముందు ఆ తప్పు గురించే చెబుతాను.

నా చేతి ఆలస్యం

గుడియాత్తంలో లుంగీ మగ్గాలతో పాటు బీడీల పని కూడా ఎక్కువని మన పాఠకులకు తెలిసిందే. ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళు వంట ముగించుకుని చేటలు ముందు పెట్టుకుని బీడీలు చుడతారు. చాలా ఏళ్ళ క్రితం అలాంటి ఒక ఇంటి కోడలిని అత్తగారు నా దగ్గరకు తీసుకొచ్చారు. ఒడిలో పాలు తాగే బిడ్డ. రొమ్ములో గడ్డ ఉందని అత్తగారే చెప్పారు, కోడలు తల ఎత్తలేదు. పర్దా విషయం కాబట్టి నేను చూడలేదు. చూడకపోవడం తప్పు కాదు. ఆ రోజే ఒక లేడీ డాక్టరు చేత చూపించండని గట్టిగా చెప్పకపోవడం తప్పు. పాలగడ్డే అయి ఉంటుందనుకుని పైన రాయడానికి మర్హమ్, లోపలికి జోషాందా ఇచ్చాను.

నెల తర్వాత, "నొప్పి లేదండీ" అన్నారు. నేను సంతోషించాను. నొప్పి లేని గడ్డనే ఎక్కువగా అనుమానించాలన్న సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు. ఐదో నెలలో వాళ్ళంతట వాళ్ళే వేలూరు వెళ్ళారు. అప్పటికే చంకలోకి పాకింది. ఆపరేషను, మందులు అన్నీ జరిగాయి. ఆమె మరో రెండేళ్ళు బ్రతికింది. ముందే వెళ్ళి ఉంటే బ్రతికేదా అన్నది అల్లాహ్‌కే తెలుసు. ఆ ఐదు నెలలు మాత్రం నా చీటీ మీద పోయినవే. ఆ ఇంటివాళ్ళు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అది ఇంకా గుచ్చుకుంటోంది.

అప్పటి నుంచి మా దవాఖానాలో ఒక నియమం పెట్టుకున్నాను. కొత్తగా కనిపించిన ఏ గడ్డకైనా, రెండు వారాలు దాటినా మానని ఏ నోటి పుండుకైనా ముందు పరీక్షకు చీటీ రాస్తాను, మందు సంగతి ఆ తర్వాత.

మన గ్రంథాలు ఏమన్నాయి

యునానీలో ఈ జబ్బు పేరు సర్తాన్. అంటే ఎండ్రకాయ. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్ళలా కనిపిస్తాయని గ్రీకు వైద్యులు పెట్టిన పేరును అరబ్బు వైద్యులు తమ భాషలోకి తెచ్చుకున్నారు. తెలుగులో మన పెద్దలు రాచపుండు అనేవారు. సౌదా, అంటే నల్లపిత్తం, చెడిపోవడం దీనికి మూలమని పాత హకీములు నమ్మారు. కణాలు అదుపు తప్పి పెరగడమే కారణమని ఇప్పుడు తెలిసింది.

కారణం విషయంలో వాళ్ళు పొరపడి ఉండవచ్చు, నిజాయితీ విషయంలో మాత్రం కాదు. స్పెయిన్‌లో వెయ్యేళ్ళ క్రితం జీవించిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ, చిన్నగా, మొదటి దశలో, పూర్తిగా తీయడానికి వీలుగా ఉన్న గడ్డనే కోయవచ్చన్నారు. ముదిరి పెద్దదైన దానిని తాను ఎన్నడూ నయం చేయలేదని, నయం చేసినవారిని కూడా చూడలేదని రాసుకున్నారు. అంత గొప్పవాడే అలా ఒప్పుకుంటే, ఈ రోజు "నా దగ్గర సర్తాన్‌కు గ్యారంటీ మందు ఉంది" అనేవాడిని మనం ఎలా నమ్మాలి? క్యాన్సర్‌ను నయం చేస్తానని ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి కరపత్రం ఎవరు ఇచ్చినా, వారి పేరు ముందు హకీం అని ఉన్నా సరే, చించి పారేయండి.

సిగ్గు తీసిన ప్రాణాలు

సిగ్గు వల్ల ప్రాణాలు పోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. రాణీపేటలో 1870లో పుట్టిన ఐడా స్కడర్ అనే అమెరికా మిషనరీ బిడ్డ కథ వేలూరులో చాలామందికి తెలుసు. ఆమె యువతిగా తిండివనంలో ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ ఇంటి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. ఆమె తండ్రి డాక్టరే, వస్తానన్నారు. మగ డాక్టరు వద్దని ముగ్గురూ వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆ ముగ్గురిలో ఒకరు ముస్లిం ఇంటి ఇల్లాలు. ఆ తర్వాతే ఐడా అమెరికా వెళ్ళి 1899లో డాక్టరు పట్టా తీసుకున్నారు. 1900లో వేలూరులో ఒకే ఒక మంచంతో వైద్యం మొదలుపెట్టారు. అదే ఇప్పటి సి.ఎం.సి. ఆసుపత్రి. ఆమె మేనకోడలి పేరు కూడా ఐడా స్కడరే. ఆమె రేడియేషన్ వైద్యురాలు. సి.ఎం.సి. క్యాన్సర్ కేంద్రానికి ఆమె పేరే పెట్టారు.

ఇప్పుడు లేడీ డాక్టర్లకు, నర్సులకు కొరత లేదు. చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటన్నరలోపు వేలూరు. గుడియాత్తం నుంచి కూడా దగ్గరే. ఎక్కడో బెంగాల్ నుంచి రెండు రాత్రులు రైలులో కూర్చుని కాట్పాడిలో దిగేవాళ్ళు ఉన్నారు. పక్కనే ఉన్న మనం మాత్రం "పెళ్ళి అయిపోనీ", "రంజాన్ వెళ్ళనీ" అని నెలలు దాటిస్తాం.

జబ్బు లేనప్పుడే పరీక్ష

బాధ మొదలవకముందే చేయించుకునే పరీక్షనే స్క్రీనింగ్ అంటారు. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం – ఈ మూడు చోట్లా 30 ఏళ్ళు దాటినవారికి 5 ఏళ్ళకొకసారి పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

నోరు: బీడీ, సిగరెట్, జర్దా, గుట్కా అలవాటు ఉన్నవారు నెలకొకసారి పగటి వెలుతురులో అద్దం ముందు నోరు చూసుకోవాలి. తుడిచినా పోని తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, కొంచెం కారం తగిలినా మంట, మూడు వేళ్ళు పట్టేంత నోరు తెరుచుకోకపోవడం – వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించాలి. "మా ఇంట్లో పొగాకు లేదు, వట్టి వక్క పానే" అనుకోకండి. వక్క ఒక్కటే కూడా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. దావత్‌లో పాన్‌దాన్ తిప్పే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి.

రొమ్ము: గడ్డ, చర్మం నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి లాగుకుపోవడం, రక్తం కారడం. వీటిలో ఏది కనిపించినా "పాపకు పాలిస్తున్నా కదా" అని సరిపెట్టుకోకూడదు.

గర్భాశయ ముఖద్వారం: ముట్లు ఆగిన తర్వాత మళ్ళీ రక్తం కనిపించడం, దాంపత్యం తర్వాత రక్తం, వాసన వేసే తెల్లబట్ట. ఇక్కడ చేసే పరీక్ష చాలా తేలిక. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలుచన చేసి పూసి, ఒక నిమిషం ఆగి నర్సు చూస్తుంది. అనుమానం ఉన్న చోటు తెల్లబడుతుంది. మన తమిళనాడులోనే దిండిగల్ జిల్లాలో డాక్టర్ శంకరనారాయణన్ బృందం ఇదే పరీక్షను పల్లె ఆడవాళ్ళకు చేసింది. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, పరీక్ష చేసిన ఊళ్ళలో ఈ క్యాన్సర్ చావులు 35 శాతం తగ్గాయి. కేరళలో ఆయన బృందమే చేసిన నోటి పరీక్షల ఫలితాలు 2005లో వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ చావులు మూడింట ఒక వంతు తగ్గాయి. ఖరీదైన యంత్రాలు లేకుండా, కంటితో చూస్తేనే ఇంత మేలు జరిగింది. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేసే హెచ్.పి.వి. టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను చాలావరకు అడ్డుకుంటుంది. డాక్టరును అడిగి వేయించండి.

ముక్క పరీక్ష గురించి భయం

"కత్తి తగిలితే పాకుతుంది" అన్న మాట మన ఇళ్ళలో గట్టిగా నాటుకుపోయింది. ఆ మాట విని బయాప్సీ మానుకుని నాటుమందుకు వెళ్ళేవారు ఉన్నారు. గడ్డ పాకేది కత్తి వల్ల కాదు, ఆలస్యం వల్ల. ముక్క తీసి పరీక్షిస్తేనే ఏ రకం, ఎంత ముదిరింది, ఏ చికిత్స పనిచేస్తుంది అన్నది తెలుస్తుంది.

చికిత్స ఆపరేషను, రేడియేషన్, కీమోథెరపీ – వీటిలో ఒకటి కావచ్చు, రెండు మూడు కలిపి కావచ్చు. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు సాగుతుంది. అందుకే ఆసుపత్రి ఎదుటి సందుల్లో గదులు తీసుకుని, అక్కడే వండుకుంటూ ఉండే కుటుంబాలు కనిపిస్తాయి. మధ్యలో నాలుగు రోజులు ఊరికి వెళ్ళి వద్దామని మానేస్తే చికిత్స బలం తగ్గుతుంది. నోటికి రేడియేషన్ మొదలుపెట్టే ముందు పళ్ళ డాక్టరుకు ఒకసారి చూపించుకోవాలి.

ఖర్చు విషయం. తమిళనాడు రేషన్ కార్డు ఉన్నవారు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా గురించి, ఆంధ్ర వైపు వారు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం గురించి, ఆసుపత్రిలో చేరకముందే అడగాలి. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉంటే కేంద్ర కార్మిక సంక్షేమ డిస్పెన్సరీలో కూడా అడగండి. చికిత్సకు వెళ్ళివచ్చే క్యాన్సర్ రోగికి రైలులో స్లీపర్, మూడో ఏసీ తరగతుల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపించాలి.

హకీం చేయగలిగింది, చేయకూడనిది

"అక్కడి మందుతో పాటు మీ మందు కూడా వాడవచ్చా?" అని నన్ను అడుగుతారు. నా సమాధానం ఇది:

1. కీమోథెరపీ జరుగుతుండగా కుష్తాలు, అంటే పాదరసం, పాషాణం వంటి వాటి భస్మాలు, వాడకూడదు. కాలేయం, మూత్రపిండాలు అప్పటికే బరువు మోస్తుంటాయి.

2. కలోంజీ, పసుపు వంటలో ఉంటే పరవాలేదు. మందు మోతాదులో తీసుకోవాలంటే క్యాన్సర్ డాక్టరుకు చెప్పాలి. ఏ మూలికైనా దాచి తినకూడదు.

3. కీమో రోజుల్లో హిజామా వద్దు. రక్తంలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటాయి. చిన్న గాటు కూడా ఇన్ఫెక్షన్‌కు, ఆగని రక్తానికి దారి తీయవచ్చు. రొమ్ము ఆపరేషనులో చంక గ్రంథులు తీసిన వైపు చేతికి ఆ తర్వాత కూడా హిజామా చేయించకూడదు.

4. హకీం చేతనైన సాయం ఇలాజ్ బిల్ గిజా, అంటే ఆహారంతో సేవ. ఆకలి లేనప్పుడు మూడు పూటల పెద్ద పళ్ళెం వద్దు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం ఇవ్వండి. పలుచని బార్లీ జావ, మెత్తని ఖిచిడీ, కారం లేని యఖ్నీ, బాగా ఉడికిన గుడ్డు, పప్పు, చేప. "గుడ్డు తింటే గడ్డ పెరుగుతుంది" అని రోగిని ఎండబెట్టకండి. బలం లేని ఒంటికి చికిత్స తట్టుకోవడం కష్టం.

5. నోరు పూసినప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి.

6. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అది అత్యవసరం. మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దాం అనకూడదు. రాత్రి అయినా ఆసుపత్రికి వెళ్ళాలి.

రంజాన్ సంగతి కూడా చెప్పాలి. చికిత్సలో ఉన్నవారు ఉపవాసం తర్వాత పూర్తి చేసుకోవడానికి, ఎన్నటికీ చేయలేనివారు ఫిద్యా ఇవ్వడానికి ధర్మంలో వెసులుబాటు ఉంది. రోగి కన్నీళ్ళు పెట్టుకుని రోజా ఉంటానంటే, డాక్టరును, మీ ఆలిమ్‌ను ఇద్దరినీ అడగండి. ఇంట్లో మిగతావారు చేతకానితనంగా చూడకుండా ఉంటే సగం బాధ తీరుతుంది.

సేవ చేసేవారిని ఎవరు చూస్తారు?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వస్తే సాధారణంగా భారమంతా ఒక్క ఆడమనిషి మీదే పడుతుంది. భార్య, కూతురు లేదా కోడలు. ఆమె నిద్ర, భోజనం ఎవరికీ కనిపించవు. నా దగ్గరకు రోగికి బలం మందు కోసం వచ్చి, తానే కళ్ళు తిరిగి కూర్చుండిపోయిన కోడళ్ళను చూశాను. కొడుకులారా, డబ్బు పంపడంతో మీ బాధ్యత తీరదు. వారంలో రెండు రాత్రులైనా మీరు మంచం పక్కన పడుకోండి. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. డాక్టరు దగ్గరకు ఇద్దరు వెళ్ళండి, ఒకరు వినాలి, ఒకరు రాసుకోవాలి. చూడ్డానికి వచ్చే బంధువులు "ఫలానా వాళ్ళకు ఇలాగే వచ్చి పోయారు" అన్న కథలు మానేసి, ఒక పూట భోజనం క్యారియర్ తెస్తే అదే పెద్ద సేవ.

ఈ జబ్బు అంటుకోదు. పళ్ళెం, గ్లాసు వేరు పెట్టవద్దు. కీమో ఇచ్చిన రెండు రోజులు మాత్రం రోగి వాంతి, మూత్రం శుభ్రం చేసేవారు చేతులకు తొడుగులు వేసుకుని, తర్వాత చేతులు బాగా కడుక్కుంటే చాలు. మరొక మాట. రోగికి జబ్బు పేరు చెప్పకుండా ఇంటిల్లిపాదీ నాటకం ఆడుతుంటారు. రోగికి తెలిసిపోతూనే ఉంటుంది. మాట్లాడుకోవడానికి మనిషి లేక ఒంటరివారవుతారు. వారు ఎంత అడిగితే అంత నిజం, మెత్తగా చెప్పండి.

చికిత్స ముగిశాక

రేడియేషన్ ఆఖరి రోజు మిఠాయి పంచి ఫైలు అటక మీద పెట్టేస్తారు. అది సరికాదు. మొదటి రెండేళ్ళు రెండు మూడు నెలలకోసారి, తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, చూపించుకుంటూ ఉండాలి. నోటి ఆపరేషను అయినవారు నోరు తెరిచే వ్యాయామం రోజూ చేయాలి, లేకపోతే దవడ బిగుసుకుపోతుంది. రొమ్ము ఆపరేషను అయినవారు చేయి వాపు గమనించుకోవాలి, నేర్పిన వ్యాయామాలు మానకూడదు. బీడీ, జర్దా మళ్ళీ ముట్టకూడదు.

మన కుటుంబాల్లో మరో బాధ ఉంది. తల్లికి క్యాన్సర్ అని తెలిస్తే కూతురికి సంబంధాలు రావని దాస్తారు. చికిత్సకు కూడా రహస్యంగా, ఆలస్యంగా వెళతారు. రొమ్ము క్యాన్సర్‌లో వంశం ద్వారా వచ్చేది నూటికి సుమారు 5 నుంచి 10 మందిలోనే. ఆ అనుమానం ఉన్న కూతురికి కావలసింది ముందుగా పరీక్ష, అది జరగాలంటే తల్లి జబ్బు ఆమెకు తెలియాలి. పిల్లను చూడడానికి వచ్చే పెద్దలకు నా మనవి: "వాళ్ళ అమ్మకు ఏదో ఉందట కదా" అన్న ప్రశ్న అడిగే ముందు మీ ఇంటి ఆడవాళ్ళలో ఎందరు పరీక్ష చేయించుకున్నారో ఒకసారి లెక్కపెట్టుకోండి.

అందరికీ నయం కాదు. ఆ మాట కూడా దాచకూడదు. నయం కానప్పుడు కూడా నొప్పి తగ్గించే వైద్యం ఉంది. సి.ఎం.సి. వంటి ఆసుపత్రుల్లో దానికి వేరే విభాగమే ఉంటుంది. డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ మాత్ర మత్తుకు అలవాటు చేయడం కోసం కాదు, రోగి రాత్రి నిద్రపోవడం కోసం. ఆఖరి నెలల్లో అప్పు చేసి ఊరూరా మందుల కోసం తిరగడం కన్నా నొప్పి లేకుండా, తన ఇంట్లో, తన వాళ్ళ మధ్య ఉండనివ్వడం మేలు.

ఇప్పటికీ నేను రోగి లేచి గుమ్మం దగ్గరకు వెళ్ళేదాకా కుర్చీలోంచి లేవను, మరో రోగిని పిలవను. ఎవరైనా వెనక్కి తిరిగి ఒక మాట అడుగుతారేమోనని చూస్తాను. మీ ఇంట్లో కూడా అలా గుమ్మం దగ్గర ఆగి, చెప్పలేక వెళ్ళిపోతున్నవారు ఉండవచ్చు. ఈ రోజు అడిగి చూడండి. ఏదైనా ఉందంటే నా దగ్గరకు రానక్కరలేదు, నేరుగా పరీక్షకు తీసుకెళ్ళండి.